జిల్లా గ్రేడు పెరిగిందట, మరి మా బడి సంగతి?

కర్రీపాయింట్_మారతహళ్లి | శుక్రవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. బెంగళూరు మారతహళ్లిలో చిన్న కర్రీ పాయింటు నడుపుకుంటున్నాము. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలో అయిదో తరగతి, కన్నడ మాధ్యమం. ఈ ఏడాది నన్ను ఎస్‌డీఎంసీలో, అంటే తల్లిదండ్రుల పర్యవేక్షణ సమితిలో సభ్యుడిగా ఎన్నుకున్నారు.

నిన్న సమావేశానికి క్లస్టరు నుంచి, అంటే చుట్టుపక్కల బడులను చూసుకునే విద్యాశాఖ కార్యాలయం నుంచి, ఒకాయన వచ్చి కాగితం చదివారు. కేంద్రం ఇచ్చే గ్రేడుల్లో మన జిల్లా ముందుకు వెళ్లిందట, ఇంకో మెట్టు ఎక్కాలట, అందుకని బడులన్నీ వివరాలు తప్పు లేకుండా నింపాలట. నింపిన ఫారం నకలు నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. అందులో 'గ్రంథాలయం: ఉంది' అని ఉంది. అబద్ధం కాదు. ప్రధానోపాధ్యాయురాలి గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. దాని తలుపుకు ఆనించి మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. మా అమ్మాయి ఆ బడిలో చేరినప్పటి నుంచి ఒక్క కథల పుస్తకం ఇంటికి తేలేదు. 'డిజిటల్ బోధన: ఉంది' అని ఇంకో వరస. ఆ టీవీ మీద కంపెనీవారు వేసిన ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది.

తర్వాత పెడతానని చెప్పి వచ్చేశాను. ప్రధానోపాధ్యాయురాలు మంచి మనిషి, ఆమెను ఇరకాటంలో పెట్టాలని లేదు. ఈ గ్రేడు ఎవరిస్తారు, ఏం చూసి ఇస్తారు, దానివల్ల మా పిల్లకు ఒరిగేదేమిటి? తెలిసినవారు చెప్పండి.

అంకెల_పిచ్చి | శుక్రవారం, రాత్రి 11:20

ఆయన చదివింది పీజీఐ-డీ గురించి అయి ఉంటుంది. జిల్లాల పనితీరు గ్రేడింగ్ సూచీ అన్నమాట. కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు 2017-18 నుంచి ఇలాంటి గ్రేడు ఇస్తోంది. జిల్లాల పట్టిక మొదటిసారి బయటికి వచ్చింది 2022లో. 83 సూచికలు, మొత్తం 600 మార్కులు. అన్నిటికన్నా పెద్ద వాటా ఫలితాలకు, 290. తరగతి గది బోధనకు 90, పాలనకు 84, వసతులకు 51, డిజిటల్‌కు 50, పిల్లల భద్రతకు 35. మీ బీరువా ఆ 51లో ఒక ముక్క, టీవీ ఆ 50లో ఒక ముక్క.

శాతాన్ని బట్టి మెట్లు. 90 దాటితే దక్ష్, ఆ కింద ఉత్కర్ష్, అతి ఉత్తమ్, ఉత్తమ్, తర్వాత ప్రచేష్ట మూడు, ఆకాంక్షి మూడు. ఫెయిల్ అనే మెట్టు మాత్రం పెట్టలేదు, మొహమాటస్తులు.

అసలు చిక్కు ఆ 290లో ఉంది. పిల్లలు ఎంత నేర్చుకున్నారో తేల్చడానికి నాస్ అనే జాతీయ సాధన సర్వే మార్కులు తీసుకుంటారు. 2021 నవంబరు 12న జరిగిన నాస్‌లో 3, 5, 8, 10 తరగతుల పిల్లలు దాదాపు 34 లక్షల మంది, 1.18 లక్షల బడుల నుంచి రాశారు. దేశంలో ఉన్న బడులు 15 లక్షలకు కాస్త తక్కువ. అంటే నూటికి ఎనిమిది బడులు. జిల్లా సగటు తేల్చడానికి అది చాలు. కానీ మీ బడి గురించి అది ఏమీ చెప్పదు, ఆ పనికి పెట్టిన పరీక్షే కాదు. 2024 డిసెంబరు 4న పరఖ్ పేరుతో జరిగిన సర్వే 3, 6, 9 తరగతులకు. మీ అమ్మాయి అప్పుడు నాలుగు, అందులోనూ పడలేదు.

మిగతా సూచికల్లో చాలావాటికి ఆధారం యూడైస్ వివరాలు, అంటే ప్రతి బడీ ఏటా తన గురించి నింపి పంపే లెక్కలు. అంటే మీరు సంతకం పెట్టకుండా వచ్చిన ఫారం లాంటివే. బడి తన గురించి తాను చెప్పుకున్నది మెట్లెక్కి జిల్లా మార్కు అవుతుంది.

బెళ్లందూరు_అమ్మ | శనివారం, ఉదయం 7:05

అన్నా, కాస్త కష్టమైనా ప్రైవేటు బడిలో వేసేయండి. బియ్యం బస్తాల వెనక చదువు ఏమొస్తుంది? మేము ఆ గొడవలన్నీ పడలేకే ఫీజు కడుతున్నాము.

ముళబాగిలు_మేష్టారు | శనివారం, ఉదయం 8:30

అమ్మా, ఆ ఫారం ప్రైవేటు బడి కూడా నింపాల్సిందే. గుర్తింపు పొందిన ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ సంఖ్య ఉంటుంది, కర్ణాటకలో అది 29తో మొదలవుతుంది. యూడైస్ వెబ్‌సైటులో బడి వివరాలు ఎవరైనా చూడవచ్చు. మీ పిల్లల బడి గురించి ఏం రాసుకున్నారో చూడండి. మైదానం ఉందని ఉంటే, అది ఎక్కడుందో వెళ్లి చూసి రండి.

బెళ్లందూరు_అమ్మ | శనివారం, ఉదయం 11:48

చూశాను మేష్టారూ. మైదానం ఉందనే రాశారు. అక్కడ బడి బస్సులు నిలుపుతారు. పిల్లలు ఆడుకునేది మేడ మీద, అదీ వారానికి ఒక పీరియడు.

అట్లాంటా_టు_సర్జాపుర | శనివారం, మధ్యాహ్నం 3:15

మేము చాలాకాలం అట్లాంటా శివార్లలో ఉండి వచ్చాము. ఈ కథ అక్కడ ముందే నడిచింది, గట్టి దెబ్బే తగిలింది కూడా. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

2002 జనవరి 8న అమెరికా అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన చట్టం ఒకటి ఉంది, ఏ పిల్లా వెనకబడకూడదు అనే అర్థం వచ్చే పేరుతో. 3 నుంచి 8 తరగతుల వరకు ఏటా, హైస్కూల్లో ఒకసారి, చదవడంలోనూ లెక్కల్లోనూ పరీక్ష. ప్రతి బడీ, ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ ఏటా తగినంత పురోగతి చూపాలి. 2013-14 కల్లా పిల్లలందరూ, నూటికి నూరు మందీ, ప్రమాణాన్ని అందుకోవాలి. ప్రమాణం ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇష్టం. గీత కాస్త కిందికి గీసుకున్న రాష్ట్రాలు హాయిగా ఉన్నాయి.

అందులో నాకు ఇప్పటికీ నచ్చే సంగతి ఒకటుంది. సగటు చూపించి తప్పించుకోవడానికి వీల్లేదు. నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు, వైకల్యం ఉన్నవారు, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్నవారు, ఇలా ఒక్కొక్క వర్గానికీ విడిగా లెక్క. ఒక్క వర్గం తప్పినా బడి తప్పినట్టే. పరీక్షకు 95 శాతం మంది రావాలి, కాబట్టి చదువురాని పిల్లలను ఆ రోజు ఇంట్లో ఉండిపొమ్మనడం కుదరదు. పేద ప్రాంతాలకిచ్చే కేంద్ర నిధులు తీసుకునే బడి వరసగా రెండేళ్లు తప్పితే, తల్లిదండ్రులు పిల్లలను అదే డిస్ట్రిక్టులో వేరే బడికి మార్చుకోవచ్చు. మరో ఏడాది తప్పితే ఉచిత ట్యూషన్. ఆపైన సిబ్బందిని మార్చడం, చివరికి బడి నిర్వహణనే వేరేవారికి అప్పగించడం దాకా వెళ్లేది.

ఇక అట్లాంటా. మార్కులు ఏటికేడాది పెరిగాయి, 2009లో ఆ నగర బడుల అధికారిణికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. 2011లో రాష్ట్ర దర్యాప్తు నివేదిక బయటపడింది. పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం, 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్ల ప్రమేయం. ఎలా దొరికారంటే, పెన్సిలుతో నింపిన జవాబు పత్రాలు చదివే యంత్రం చెరిపిన గుర్తులను కూడా పట్టగలదు. కొన్ని తరగతుల్లో తప్పు చెరిపి ఒప్పు నింపిన గుర్తులు నమ్మశక్యం కానన్ని ఉన్నాయి. చెరిపింది పిల్లలు కాదు, పెద్దలు. 2015లో 11 మంది మీద నేరం రుజువైంది. ఆ ఏడాది చివర్లోనే పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. పరీక్షలు ఉన్నాయి, నూటికి నూరు అన్న మాట పోయింది.

ముళబాగిలు_మేష్టారు | శనివారం, సాయంత్రం 5:40

అంత దూరం ఎందుకండీ. మన కర్ణాటక పదో తరగతి పరీక్ష, ఎస్‌ఎస్‌ఎల్‌సీ చూడండి. 2024లో మొదటిసారి పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. అంతకుముందు ఏడాది 83.89 శాతం ఉన్న ఉత్తీర్ణత 73.40కి దిగింది. అదీ గ్రేస్ మార్కులు 10 శాతం నుంచి 20 శాతానికి పెంచాక. ఉడుపి 94 శాతంతో మొదట, యాదగిరి 50 చిల్లరతో చివర. కెమెరా పెడితే పడిపోయిన అంకె అంతకుముందు ఎలా నిలబడిందో నన్ను అడగకండి, నేను పింఛను తీసుకుంటున్నవాడిని.

మాకు పాసింగ్ ప్యాకేజీ అని ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది. అంచు మీద ఉన్న పిల్లలను ఏరి, తప్పకుండా వచ్చే ప్రశ్నలు, పటాలు, పద్యాలు బట్టీ పట్టించి పాసు మార్కు దాటించడం. నేనూ చేయించాను. చాలామంది పిల్లలు దాంతోనే ఐటీఐలకు, పీయూసీకి వెళ్లారు, అందుకు సిగ్గుపడను. కానీ పదో తరగతికి వచ్చినా పేరా చదవలేని పిల్లవాడు ఆ జాబితాలోకి రాడు. వాడి మీద పెట్టే సమయం దండగని అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

పంతులమ్మ_కేఆర్‌పుర | శనివారం, రాత్రి 9:10

ఫారాలు నింపే చేతుల్లో ఒకటి నాది. అందరూ మమ్మల్ని దొంగల కింద జమకట్టే ముందు నా మాట కూడా వినండి.

ఉదయం రాగానే శాట్స్‌లో, అంటే పిల్లల వివరాలుండే రాష్ట్ర ఆన్‌లైన్ వ్యవస్థలో, హాజరు ఎక్కించాలి. మధ్యాహ్నం గుడ్డు తిన్నవారెందరు, అరటిపండు తీసుకున్నవారెందరు, అది పంపాలి. మధ్యలో అపార్ గుర్తింపు సంఖ్య కోసం, ఆధార్‌లో ఒక పేరు, బడిలో ఇంకో పేరు ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప మమ్మల్ని చదువుకు సంబంధం లేని పనికి పంపకూడదు. ఫారాలు నింపడం చదువుకు సంబంధించినదేనట. ఈ లోపల మూడో తరగతివారు ఎక్కాలు అరుస్తూ ఉంటారు, వాళ్లను చూసుకునేది నాలుగో తరగతి పిల్ల.

కర్రీ పాయింటు అన్నగారూ, మీ బడి బీరువా సంగతి నాకు తెలియదు, మాది చెబుతాను. పుస్తకాలన్నీ స్టాక్ రిజిస్టరులో ఉంటాయి. తనిఖీకి వచ్చినవారు లెక్కపెడతారు. ఒకటి తగ్గితే సంజాయిషీ రాయాలి. మా పాత ప్రధానోపాధ్యాయుడు పోయిన పుస్తకాలకు జేబులోంచి కట్టారు. ఆ మర్నాటి నుంచి తాళం. పిల్లలు చదివి చదివి చినిగిపోయిన పుస్తకం దొరికితే మెచ్చుకునే అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. కొత్తగా మెరిసే పుస్తకాల వరసను ఫొటో తీసుకుని వెళ్లినవారిని చూశాను.

అంకెల_పిచ్చి | శనివారం, రాత్రి 9:32

ఇంతసేపూ మార్కులకు జవాబుదారీతనం తక్కువైందని మాట్లాడుకుంటున్నాము. ఇక్కడ పుస్తకాలను పిల్లలకు దూరం చేసింది ఆ జవాబుదారీతనమే. టీచరు గారూ, మీరు చెప్పింది ఏ నివేదికలోనూ దొరకదు.

మేస్త్రి_కూతురు | ఆదివారం, ఉదయం 6:20

నిన్నటి నుంచి చదువుతున్నాను. ఒకటి అడగాలి. ఈ లెక్కలన్నిటిలో మేము ఎక్కడున్నాము?

మా నాన్న మక్తల్ వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో, వర్తూరులో అపార్ట్‌మెంట్లకు గోడలు కట్టాడు. మేము సైటు పక్కన రేకుల షెడ్లలో పెరిగాము. నేను ఇప్పుడు బీఎడ్ చదువుతూ, సాయంత్రాలు అలాంటి షెడ్లలోనే పిల్లలకు చెబుతున్నాను. సైటు పని అయిపోతే షెడ్డు లేస్తుంది, దానితోపాటు పిల్లల బడి లేస్తుంది. సంక్రాంతికి ఊరు వెళ్లినవాళ్లు కంది కోతలు చూసుకుని ఆలస్యంగా వస్తారు. వచ్చేసరికి హాజరు పట్టీలో పేరు మీద ఎర్ర గీత. మళ్లీ చేర్చుకోవాలంటే ఊరి బడి నుంచి టీసీ తెమ్మంటారు, ఊళ్లోనేమో అసలు పేరే లేదంటారు.

సర్వే పరీక్ష రోజు ఆ పిల్లలు ఉండరు. ఫారం నింపే రోజు ఉండరు. వాళ్లు లేనందువల్ల బడి మార్కు తగ్గదు. ఉంటేనే తగ్గుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు కన్నడ అక్షరాలు తొందరగా పట్టేస్తారు, మన లిపికి దగ్గర కనుక. బోర్డు మీద వాక్యం గడగడా చదువుతారు, టీచరు సంతోషిస్తుంది. 'ఏం చదివావు, నాకు చెప్పు' అని తెలుగులో అడిగితే దిక్కులు చూస్తారు.

అట్లాంటా_టు_సర్జాపుర | ఆదివారం, ఉదయం 9:00

అమ్మా, మీరు వేలు పెట్టిన చోటే అక్కడా కన్నం ఉండేది. విద్యా సంవత్సరం పూర్తిగా ఆ బడిలో లేని పిల్లల మార్కులు బడి పురోగతి లెక్కలోకి తీసుకునేవారు కాదు. మధ్యలో చేరిన పిల్లవాడి భారం బడి మీద వేయడం అన్యాయమని వాదన, అందులో న్యాయం లేకపోలేదు. ఒక వర్గంలో పిల్లలు రాష్ట్రం పెట్టిన కనీస సంఖ్య కన్నా తక్కువ ఉంటే ఆ వర్గాన్ని విడిగా చూడరు. అద్దె ఇళ్లు మారుతూ తిరిగే పేద పిల్లలు ఈ రెండు నియమాల మధ్య జారిపోయేవారు. కొత్త చట్టం కింద చాలా రాష్ట్రాలు దీర్ఘకాలిక గైర్హాజరును కూడా కొలుస్తున్నాయి. బడి రోజుల్లో పదో వంతు, అంతకన్నా ఎక్కువ రాని పిల్లలు ఎందరన్నది బడి లెక్కలో చూపాలి.

అంకెల_పిచ్చి | ఆదివారం, ఉదయం 9:45

యూడైస్‌లో కూడా కొంత మారింది. ఇదివరకు బడి మొత్తం అంకె రాసేది, తరగతికి ఇంతమంది అని. 2022-23 నుంచి ఒక్కొక్క పిల్లవాడి పేరుతో ఎక్కించాలి. 2021-22లో దేశమంతా 26.5 కోట్లున్న నమోదు 2023-24కి 24.8 కోట్లు అయింది. ఆ తేడాలో రెండు చోట్ల పేర్లున్నవారు ఎందరు, నిజంగా బడి మానినవారు ఎందరు అన్నది ఆ ఒక్క అంకెను చూసి విడదీయలేము. కానీ ఇప్పుడు పేరు పట్టుకుని వెతకవచ్చు, అది మంచిదే.

కర్రీపాయింట్_మారతహళ్లి | ఆదివారం, రాత్రి 11:05

ఇప్పుడే కొట్టు కట్టేసి అన్నీ చదివాను. అర్థమైంది కొంత, కోపం వచ్చింది కొంత. మంగళవారం మళ్లీ సమావేశం. నేను పదో తరగతితో ఆపేసినవాడిని, అధికారి ముందు పెద్ద పెద్ద మాటలు మాట్లాడలేను. మా సమితికి అసలు అడిగే హక్కు ఎంతవరకు ఉంది?

ముళబాగిలు_మేష్టారు | సోమవారం, ఉదయం 6:50

చాలా ఉంది నాయనా. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చూపించు. సమితిలో ముప్పావు మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవారు ఉండాలి. బడి పనితీరు చూడటం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం మీ పని. ఎవరో రాసి తెస్తే సంతకం పెట్టడం మీ పని కాదు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడికి ఏటా గ్రాంటు వస్తుంది. పిల్లలు 101 నుంచి 250 దాకా ఉంటే 50 వేలు, 251 నుంచి వెయ్యి దాకా ఉంటే 75 వేలు. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి. ఈ ఏడాది ఎంత వచ్చింది, దేనికి పోయింది అని నెమ్మదిగా అడుగు. ఇంకొకటి, 24వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్లవాడి హాజరు, చదువు ఎలా ఉన్నాయో టీచర్లు తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాలి. ప్రతి పిల్లవాడి గురించీ, జిల్లా గురించి కాదు.

గ్రేడు గురించి వాదించకు, అది అధికారి చేతిలో కూడా లేదు. రెండో తరగతి పుస్తకంలోంచి ఒక పేరా తీసుకో. అయిదో తరగతి పిల్లలను ఒక్కొక్కరిని పక్కకు పిలిచి చదివించి, ఏం చదివారో వాళ్ల ఇంటి భాషలో చెప్పమను. అసర్ సర్వేవారు 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చదివిస్తున్నది ఇలాగే, అక్షరం, మాట, పేరా, కథ అని మెట్లు పెట్టి. వారు నగరానికి రారు, కనుక ఆ పని మీరే చేసుకోండి. టీచరును పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఆమె వెనక కాదు.

కర్రీపాయింట్_మారతహళ్లి | మంగళవారం, రాత్రి 11:30

వెళ్లి వచ్చాను. గ్రాంటు లెక్క అడగగానే క్లస్టరు ఆయన గడియారం చూసుకున్నారు, ప్రధానోపాధ్యాయురాలు మాత్రం పుస్తకం తెచ్చి చూపించారు. అందులో తేడా ఏమీ కనిపించలేదు. సున్నానికి, ఫ్యాన్లకు, ఫినాయిలుకు పోయింది.

పంతులమ్మ గారి మాట పట్టుకుని, పోయిన పుస్తకానికి టీచరు కాదు, సమితి బాధ్యత వహిస్తుందని తీర్మానం రాయించాను. మా సభ్యుల్లో పూలు అమ్మే ఆమె ముందు ఒప్పుకోలేదు, 'పుస్తకం పోతే మేమెందుకు కట్టాలి' అని. చివరికి ఏడాదికి ఇన్ని పుస్తకాలు చినిగిపోతాయని ముందే రాసుకుందామని ఆమే ఉపాయం చెప్పింది. ఫారంలో గ్రంథాలయం వరస పక్కన 'పుస్తకాలు ఇళ్లకు ఇవ్వడం ఇప్పుడు మొదలుపెడుతున్నాము' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. అలా రాయకూడదని ఆయన అన్నారు. ఏ నియమంలో ఉందో చూపించమన్నాను. చూపించలేదు.

చదివించే పని శనివారం పెట్టుకున్నాము. టీవీ సంగతి ఇంకా ఎత్తలేదు.

బెళ్లందూరు_అమ్మ | బుధవారం, ఉదయం 7:15

శభాష్ అన్నా. మా బడిలో తల్లిదండ్రుల సమావేశం అంటే పావుగంట, అందులో పది నిమిషాలు వార్షికోత్సవం దుస్తుల డబ్బు గురించే. ఆ పేరా చదివించే పని నేను ఇంట్లో చేసి చూశాను. మా వాడు ఇంగ్లిష్ పేరా దడదడా చదివాడు. అర్థం చెప్పమంటే ఫోను అడిగాడు.

మేస్త్రి_కూతురు | బుధవారం, ఉదయం 8:02

పంతులమ్మ గారూ, మీది కె.ఆర్.పుర అన్నారు కదా. మా షెడ్ల నుంచి ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు, ఎనిమిదేళ్లు, పదేళ్లు. నారాయణపేట దగ్గర నుంచి వచ్చారు. టీసీ లేదు, చిన్నవాడికి ఆధార్ కూడా లేదు. ఒక బడిలో అడిగితే వచ్చే జూన్‌లో రమ్మన్నారు.

పంతులమ్మ_కేఆర్‌పుర | బుధవారం, మధ్యాహ్నం 1:25

జూన్ దాకా ఆగక్కర్లేదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు, అది విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్. వయసు ధ్రువపత్రం లేదని కూడా ఆపకూడదు, అది 14. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. శాట్స్‌లో ఎక్కించడానికి నాకు కాస్త తిప్పలు తప్పవు, అది నేను చూసుకుంటాను. వాళ్ల అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని గురువారం తొమ్మిదిన్నరకు రండి. పది దాటితే నేను ఫారాల్లో పడిపోతాను.